దక్షిణపు గోడకు రెండు కన్నాలు

రిటైరయ్యానని చెప్పుకుంటాను. అడిగినవాళ్లకు ఆ మాట చాలు. నిజానికి నన్ను రిటైర్ చేశారు. ఈ రెంటికీ ఉన్న తేడా మీకింకా తెలియదు. తెలియకుండానే మీ సర్వీసు గడిచిపోవాలని నా కోరిక.

టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మా పక్క బ్లాకులో కన్‌స్ట్రక్షన్ మేనేజ్‌మెంట్ చదువుతున్న పిల్లలుంటారు. ఆదివారం పూట వచ్చి, ఉప్మా తిని, "ఆంటీ, ఫీల్డ్‌లో మీరు నేర్చుకున్న బిగ్గెస్ట్ లెసన్ ఏంటి?" అని అడుగుతారు. రేపటి ఇంటర్వ్యూకి నా మీద ప్రాక్టీసు చేస్తున్నారని నాకు తెలుసు. పాఠమేమీ లేదు నాయనా, ఒక షెడ్డు కథ ఉంది అంటాను. షెడ్డు అనగానే వాళ్ల చెయ్యి ఫోన్ మీదికి పోతుంది. అందుకే రాస్తున్నాను. చదువుతూ మధ్యలో లేచిపోయినా నాకు కనబడదు కదా.

నేను చదివింది సివిల్ ఇంజినీరింగు. పెళ్లయి డిపెండెంట్ వీసా మీద వచ్చి, ఉద్యోగం చేసే హక్కు లేక ఏళ్ల తరబడి ఇంట్లో కూర్చున్నాను. డిగ్రీ సూట్‌కేసు అడుగున, నేను వంటింట్లో. వర్క్ పర్మిట్ చేతికొచ్చేసరికి తల నెరవడం మొదలైంది. పెద్ద కంపెనీలు "ఇన్నేళ్లూ ఏం చేశారు?" అని అడిగి, జవాబు పూర్తిగా వినకుండానే థాంక్యూ చెప్పాయి. చివరికి ఫ్రిస్కో దగ్గర ఒక చిన్న కంపెనీ ఫోన్లు ఎత్తడానికి తీసుకుంది. పెరట్లో ఉండే పెద్ద షెడ్లకూ గరాజులకూ లోపలి పని చేసే కంపెనీ అది. గోడలకు ఇన్సులేషన్, దాని మీద బోర్డులు, కరెంటు, హీటరు, అన్నీ. ఫోన్ల నుంచి ఎస్టిమేట్లకూ, అక్కడి నుంచి సైటుకూ పాకుకుంటూ వెళ్లాను. సూపర్‌వైజర్‌గా హెల్మెట్ పెట్టుకున్న మొదటి రోజు కారులో కూర్చుని ఏడ్చాను. సంతోషంతోనే.

మా ఓనరు టెక్సాస్ మనిషి. మాట దురుసు గానీ మనసు ఫరవాలేదు. ఆ చుట్టుపక్కల ఎకరం, అరెకరం స్థలాలతో ఇళ్లు కొంటున్న తెలుగువాళ్లు పెరిగేకొద్దీ కంపెనీలో నా విలువ పెరిగింది. ఈశాన్యంలో బరువు వద్దని ఒకరు, తలుపు తూర్పుకే కావాలని ఒకరు పట్టుబడుతుంటే ఆయన నా వైపు తిరిగేవాడు. నన్ను "వాస్తు డిపార్ట్‌మెంట్" అని పిలిచేవాడు. "మీవాళ్ల సంగతి మీరు చూసుకోండి, నేను అడ్డురాను" అనేవాడు. వచ్చే ఏడాది నుంచి షెడ్ల పని మొత్తం నాకే అప్పగిస్తానని కూడా అన్నాడు. పోయిన ఏళ్లన్నీ ఆ ఒక్క మాటతో తిరిగొచ్చినట్టు అనిపించింది నాకు. అంత ఆశ మంచిది కాదు, కానీ పడ్డాను.

ఆ టైములోనే ఈ ఇల్లు వచ్చింది. భార్యాభర్తలిద్దరూ సాఫ్ట్‌వేరు. వాళ్లు కొన్న ఇంటి వెనక పాత యజమాని పడవలూ ట్రాక్టరూ పెట్టుకున్న పెద్ద రేకుల షెడ్డు ఉంది. ఆ అబ్బాయికి వడ్రంగం మీద మోజు. యూట్యూబ్ చూసి రంపాల మిషన్లూ, చిత్రిక మిషన్లూ కొనేశాడు. కొన్నాక తెలిసిందేమంటే, ఎండాకాలం లోపల నిలబడలేం, చలికాలం నిలబడలేం. పైగా చలికాలం తెల్లారేసరికి రేకు లోపలివైపు చెమట పట్టి బొట్లు బొట్లుగా మిషన్ల మీద కారేది. కొత్త మిషన్లకు తుప్పు మొదలైంది.

"అక్కా, మీరు మనవాళ్లని తెలిసి మీ కంపెనీకే ఇద్దామనుకున్నాం" అన్నాడు మొదటి రోజే. 'మనవాళ్లు' అనే మాట వినగానే నా చెయ్యి హ్యాండ్‌బ్యాగ్ మీద బిగుసుకుంటుంది. ఆ మాట తర్వాత ఏదో ఒకటి వస్తుంది. అప్పుడు వచ్చింది హీటరు. "హీటర్ నేను ఆల్రెడీ కొనేశాను అక్కా. సేల్‌లో మంచి డీల్ వచ్చింది. మీరు జస్ట్ ఇన్‌స్టాల్ చేయించండి చాలు."

ఆ షెడ్డులో నిజంగా పనిచేసే మనిషి మాత్రం ఆ అబ్బాయి కాదు. అతని మామగారు. పాలిటెక్నిక్‌లో వర్క్‌షాపు ఇన్‌స్ట్రక్టర్‌గా చేసి రిటైరైన మనిషి. ఒక్కతే కూతురు. అందుకని ఏటా ఆర్నెల్లు ఇక్కడ ఉండేవారు. నేను మాస్టారూ అనేదాన్ని, ఆయన అమ్మాయ్ అనేవారు. "అల్లుడుగారి దగ్గర మిషన్లున్నాయి, నా దగ్గర టైముంది" అని నవ్వేవారు. మా పని జరిగినన్నాళ్లూ ఒక మూల ఆయన బల్ల తియ్యలేదు. కూతురింటికి చెప్పుల స్టాండు, పోపు డబ్బాల అలమార, ఎత్తు పీటలు, ఏదో ఒకటి చేస్తూనే ఉండేవారు.

ఒకరోజు ఎందుకంత కష్టపడతారని అడిగాను. "మా నాన్న మా అక్కయ్య ఇంటికెళ్తే మంచినీళ్లు కూడా ముట్టేవారు కాదమ్మాయ్. కూతురింట్లో తినకూడదని. నేనేమో ఆర్నెల్లు మూడుపూటలా తింటున్నాను. ఈ పీటలైనా చెయ్యకపోతే మెతుకు దిగదు" అన్నారు. నవ్వుతూనే అన్నారు, నేనూ నవ్వాను. ఆయనంటే నాకు ఇష్టం కలిగింది. మా నాన్న వయసు మనిషి, పని తెలిసిన మనిషి, నాతో సైటు మీద సమానంగా మాట్లాడే మనిషి. నా ఉద్యోగంలో అలాంటివాళ్లు తక్కువ. మగ మేస్త్రీలు నా తల మీదుగా మా ఓనరుతో మాట్లాడేవారు.

పని సంగతి కొంచెం చెప్పాలి, లేకపోతే మిగిలింది అర్థం కాదు. రేకుకు లోపలివైపు ఫోమ్ కొట్టిస్తాం. కొట్టినప్పుడు నురగలా ఉండి, పొంగి గట్టిపడుతుంది. గోడలు, కప్పు, సందులు అన్నీ మూసుకుపోతాయి. రేకుకు చెమట పట్టడం ఆగుతుంది, వేడి బయటికి పోదు. దాని మీద నిలువెత్తు వరకు ప్లైవుడ్, పనిముట్లు తగిలించుకోవడానికి. ఆ పైన మామూలు బోర్డు, తెల్ల రంగు. అయ్యేసరికి ఆ రేకుల షెడ్డు థర్మాస్ ఫ్లాస్కులా తయారైంది.

ఇబ్బంది అక్కడే ఉంది. ఆ అబ్బాయి కొన్నది గదిలోని గాలినే పీల్చుకుని మండే గ్యాస్ హీటరు. ఫ్లాస్కులో మంట పెడితే గాలి ఎక్కడి నుంచి వస్తుంది? చాలినంత గాలి లేకపోతే, గొట్టం గుండా పైకి పోవలసిన పొగ వెనక్కి తిరిగి గదిలోకి దిగుతుంది. అందులో ఉండే విషవాయువుకు రంగుండదు, వాసనుండదు. తలనొప్పి, మగత, ఆ తర్వాత ఏమీ తెలియదు. పైగా వార్నిష్ వాసన పోవడానికి పెద్ద ఫ్యాను ఒకటి బిగించమన్నారు. అది గదిలో గాలిని బయటికి లాగేస్తుంది. అప్పుడు గొట్టంలోంచి పొగ ఇంకా తొందరగా వెనక్కి వస్తుంది.

మా ప్లంబరు నోటికి అడ్డూ ఆపూ లేని ముసలాయన. ఆ హీటర్ని చూసి నేను ఇక్కడ రాయలేని మాట ఒకటి అని, దీన్ని వెనక్కిచ్చి, పైపుతో బయటి గాలి తనే తెచ్చుకునే రకం కొనమనండి అన్నాడు. నేనూ అదే చెప్పాను. "రిటర్న్ డేట్ అయిపోయింది అక్కా. ఏదన్నా సొల్యూషన్ చెప్పండి, ప్లీజ్."

సొల్యూషన్ చెప్పాను. గోడకు రెండు కన్నాలు, ఒకటి నేల దగ్గర, ఒకటి కప్పు దగ్గర, వాటికి జాలీలు. వాటి గుండా బయటి గాలి ఎప్పుడూ లోపలికి వస్తుండాలి. రూల్సు కూడా అవే చెబుతాయి. పిల్లి దూరేంత కన్నాలవి, ప్లంబరు వాటిని 'క్యాట్ డోర్స్' అనేవాడు. హీటరేమో వాళ్లు కోరుకున్నట్టే ఆగ్నేయం మూల, కప్పుకు వేలాడదీయించాను. తూర్పు గోడంతా తలుపూ కిటికీలూ. ఉత్తరం నుంచి చలిగాలి కొడుతుంది. అందుకని కన్నాలు దక్షిణపు గోడకు పెట్టించాను. అప్పుడు దక్షిణం మాట ఎవరూ ఎత్తలేదు.

పని అప్పగించిన రోజు ముగ్గుర్నీ నిలబెట్టి చెప్పాను. "ఈ రెండూ ఎప్పుడూ మూయకూడదు. చలేస్తే ఇంకో స్వెటరు వేసుకోండి. గుడ్డ కుక్కొద్దు, అట్ట అడ్డం పెట్టొద్దు." ఆ అమ్మాయి సరేనంది. అబ్బాయి ఫోన్ చూసుకుంటూ సరేనన్నాడు. మాస్టారు మాత్రం క్లాసులో చెప్పినట్టు ఇంగ్లీషులో అందుకున్నారు. "నో ఆక్సిజన్, నో కంప్లీట్ కంబషన్. ఎలిమెంటరీ." విషవాయువు పసిగట్టే అలారం కూడా తలుపు దగ్గర నా చేత్తో బిగించి, నొక్కి మోగించి చూపించాను.

సిటీ ఇన్‌స్పెక్టరు వచ్చి పాస్ చేశాడు. వాళ్లు చిన్న పూజ పెట్టుకున్నారు. మిషన్లకు బొట్లు, గుమ్మానికి పసుపు. గుమ్మానికి పసుపు రాసింది నేనే. మా ఓనరు కూడా వచ్చి నుదుట బొట్టు పెట్టించుకుని, పులిహోర రెండుసార్లు వడ్డించుకున్నాడు. "వచ్చే ఏడాది నుంచి ఇదంతా మీదే" అని అందరి ముందూ అన్నాడు. ఆ మధ్యాహ్నం నేను ఎంత సంతోషంగా ఉన్నానో తలుచుకుంటే ఇప్పుడు ఒళ్లు మండుతుంది.

చలి ముదిరింది. ఒకరోజు సాయంత్రం మా ఓనరు ఫోను. ఆ షెడ్డులో ముసలాయన పడిపోయాడు, అంబులెన్సులో తీసుకెళ్లారు, గ్యాసువాళ్లు హీటరు ఆపేసి, ఇక వాడకూడదని ఎర్ర ట్యాగు కట్టారు, అన్నాడు. మాస్టారు వార్నిష్ వేస్తూ ఫ్యాను పెట్టుకున్నారట. అంతకుముందు చిత్రిక మిషను చప్పుడుకు పెట్టుకున్న మఫ్స్ ఇంకా చెవులకే ఉన్నాయట. అలారం మోగుతున్నా వినబడలేదు. టీ తీసుకొచ్చిన కూతురికి వినబడింది. ఆయన బల్ల మీద తల వాల్చి ఉన్నారు. ఇంకాసేపు అయితే మనిషి దక్కేవాడు కాదని డాక్టర్లు చెప్పారట.

ఎక్కడ తప్పు చేశానా అని తెల్లారేదాకా నిద్ర లేదు. పొద్దున్నే ప్లంబర్ని వెంటబెట్టుకుని వెళ్లాను. గొట్టం సరిగ్గానే ఉంది, కన్నాలు తెరిచే ఉన్నాయి. ప్లంబరు తల గోక్కున్నాడు. నేను నేల దగ్గరి జాలీ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాను. జాలీ అంచున పచ్చగా ఏదో మరక. వేలితో తీసి వాసన చూశాను. పసుపు.

పూజ రోజు గుమ్మానికి రాశాను గానీ, నేల దగ్గర జాలీకి పసుపెవరు రాస్తారు? స్టూలెక్కి కప్పు దగ్గరిది చూశాను. అక్కడా పసుపు, కాస్త కుంకుమ.

మాస్టారు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చూడబోయాను. కూతురూ అల్లుడూ ఆఫీసు మీటింగుల్లో పై గదుల్లో ఉన్నారు. ఎండ పడే కిటికీ దగ్గర దుప్పటి కప్పుకుని కూర్చున్నారాయన. మొహం పీక్కుపోయింది. నేను అడగనే లేదు.

"అవి మూశారమ్మాయ్" అన్నారు.

సంగతి ఇదీ. పూజయ్యాక వీడియో కాల్‌లో షెడ్డంతా చూసిన సిద్ధాంతిగారెవరో విజయవాడ నుంచి అభ్యంతరం చెప్పారట. దక్షిణపు గోడకు కన్నాలేమిటి, అది యముడి దిక్కు, ఇంటి పెద్దకు గండం, వెంటనే మూయించండి, పసుపు కుంకుమలతో మూయించండి, అన్నారట. అల్లుడు అడిగితే, మా పనిలో మిగిలిన ఫోమ్ అట్టల్ని కొలత పెట్టి కోసిచ్చింది మాస్టారే. కన్నాలు మూసింది అల్లుడు. అంబులెన్సు వచ్చేలోగా ఊడబీకిందీ అల్లుడే. యముడు రాకుండా తలుపేసుకున్నామనుకున్నారు, తీరా యముణ్ణి లోపల పెట్టి తలుపేసుకున్నారు.

"మీకు తెలిసి ఎలా కోసిచ్చారు మాస్టారూ? ఆ రోజు నాకే పాఠం చెప్పారు కదా."

ఆయన దుప్పటి అంచు సర్దుకున్నారు. "ఒక్కమాట అన్నానమ్మా, గాలి కావాలేమో అని. మీ గురించే కదా మామయ్యా మూసేది అన్నారు అల్లుడుగారు. ఇంకేమంటాను?"

నాకు కోపం రాలేదు. నిజం చెబుతున్నాను, ఆ రోజు జాలి మాత్రమే వేసింది. ఇన్సూరెన్సువాళ్లు వస్తారు, మిమ్మల్ని అడుగుతారు, అన్నాను. మీరు ఈ మాట చెప్పకపోతే తప్పు నాదవుతుంది, ఈ పని నాకు ఎంత కష్టపడితే దొరికిందో మీకు తెలుసు, అన్నాను.

"అడిగితే చెప్తానమ్మాయ్. నీ అలారం లేకపోతే నేనెక్కడున్నాను?" అని నా చెయ్యి పట్టుకున్నారు.

బయటికొస్తుంటే అల్లుడు ఎదురొచ్చాడు. గరాజు ముందు నా కారు దాకా వచ్చి నిలబడ్డాడు. "అక్కా, మామయ్య విజిటర్ ఇన్సూరెన్స్ ఇలాంటివి కవర్ చెయ్యదంట. ఐసీయూ బిల్లు చూస్తే మైండ్ బ్లాక్ అవుతోంది. మీ కంపెనీ ఇన్సూరెన్స్‌లో క్లెయిమ్ చేస్తున్నాం."

"కన్నాలు మూసింది ఎవరు తమ్ముడూ?"

"ఇన్సూరెన్స్ వాళ్లు కడతారు కదా అక్కా. మీ పాకెట్‌లోంచి ఏం పోదు. మనవాళ్ల కోసం ఈ మాత్రం అడ్జస్ట్ అవ్వలేరా?"

"నా పేరు పోతుంది."

"పేరుదేముందక్కా. మీరింక ఎన్నేళ్లు చేస్తారు?"

అది విన్నాక కారెక్కి ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. పిల్లలూ, మిమ్మల్ని తిట్టేవాళ్లతో ఏ బాధా లేదు, తిట్టించుకుని వచ్చేయవచ్చు. మీ బతుకు విలువను మర్యాదగా లెక్కగట్టి చెప్పేవాళ్లు ఉంటారు. వాళ్లతో జాగ్రత్త.

మా ఓనరుకు అంతా చెప్పాను. పసుపు సంగతి, సిద్ధాంతి సంగతి, యముడి సంగతి. యముడి దగ్గరికి వచ్చేసరికి ఆయన కళ్లు మూసుకున్నాడు. "ముసలాయన ఇది చెబుతాడా?" అన్నాడు. చెబుతానని మాటిచ్చారు అన్నాను. "అయితే బతికిపోయాం. చెప్పకపోతే తప్పు మనదవుతుంది, ఇన్సూరెన్సువాళ్లు నన్ను ఇంకెక్కడా హీటరు పెట్టనివ్వరు. షెడ్ల పని మూసుకోవాలి. మీవాళ్లు, మీరు చూసుకోండి." అప్పటిదాకా ఆ మాట నాకు కిరీటంలా ఉండేది.

విచారణ రోజు ఎండ బాగా కాసింది. షెడ్డులో మేం ఆరుగురం. అబ్బాయి, అమ్మాయి, కుర్చీలో మాస్టారు, మా ఓనరు, నేను, మా ఇన్సూరెన్సు కంపెనీ తరఫున వచ్చిన ఒక మర్యాదస్తుడైన యువకుడు. అతను అన్నీ కొలిచాడు. కన్నాలు తెరిచి ఉంటే ఇది జరిగే అవకాశం తక్కువ, కానీ జరగదని గట్టిగా చెప్పలేం, అన్నాడు. నేను జాలీ అంచు చూపించాను. ఇది టర్మరిక్, దీన్ని మేం పూజల్లో వాడతాం, ఈ కన్నాలను పసుపు రాసిన అట్టలతో మూశారనడానికి ఇదే గుర్తు, అన్నాను. అతను వంగి చూసి, "కూరల్లో వేసేదా?" అని అడిగాడు. అవునన్నాను. ఆ అవును అనడంలోనే నా కేసు సగం పోయింది.

"ఓపెనింగ్ రోజు పూజ చేశాం, అన్నిటికీ టర్మరిక్ పెట్టాం" అన్నాడు అబ్బాయి ఇంగ్లీషులో, ఎంతో శాంతంగా. "డోర్‌కి కూడా ఉంది చూడండి. అది ఈవిడే పెట్టారు." అందరూ గుమ్మం వైపు చూశారు. నా వేళ్ల గుర్తులతో సహా పచ్చగా ఉంది. పూజ రోజు ఫోటోలు ముందురోజే వెతికాను. అన్నీ మొహాలూ విస్తళ్లే. గోడ కన్నాన్ని ఫోటో తీసేవాళ్లెవరు?

ఇక మాస్టారే మిగిలారు. ఆ యువకుడు ఒక స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుని ఆరోగ్యం ఎలా ఉందని అడిగాడు. మాస్టారు తల ఊపారు. తర్వాత మెల్లగా, విడమరిచి అడిగాడు. ఆ రోజు ఈ కన్నాలు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?

మాస్టారికి ప్రశ్న అర్థమైంది. ఏళ్ల తరబడి ఇంగ్లీషులో పాఠాలు చెప్పిన మనిషి. నాకే ఇంగ్లీషులో పాఠం చెప్పిన మనిషి. కానీ ఆయన నా వైపు తిరిగి తెలుగులో అన్నారు. "నాకు ఇంగ్లీషులో చెప్పడం రాదని చెప్పమ్మా."

యువకుడు ఫోన్లో తెలుగు దుబాసీ కోసం ప్రయత్నించాడు. ఇప్పుడెవరూ లేరు, ఆగాలి అన్నారు. అప్పుడు ఆ అబ్బాయే అన్నాడు. "అక్క ట్రాన్స్‌లేట్ చేస్తారు. నేను పక్కనే వింటుంటాను. మాకేం అబ్జెక్షన్ లేదు." అందరికీ అది న్యాయంగా కనబడింది. మా ఓనరుకు కూడా. నా వైపు ధైర్యంగా తల ఊపాడు.

నేను ప్రశ్నను తెలుగులో అడిగాను. నేను ఎంతో ఇష్టపడిన మనిషిని, నా ఉద్యోగాన్ని ఆయన నోట్లో పెట్టి అడిగాను. "మాస్టారూ, ఆ రోజు ఈ కన్నాలు తెరిచి ఉన్నాయా, మూసి ఉన్నాయా?"

"అల్లుడుగారు చెప్పారు కదమ్మా" అన్నారు.

దాన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో చెప్పాను. యువకుడు ఓపికగా నవ్వాడు. మీరు చూసింది చెప్పమనండి, అన్నాడు. అడిగాను. మాస్టారు కూతురి వైపు చూశారు. ఆ అమ్మాయి కింద పడ్డ రంపపు పొట్టును చెప్పుతో ఒక పక్కకు తోస్తోంది. తల ఎత్తలేదు. అల్లుడి వైపు ఆయన చూడలేదు, అవసరం లేదు. తర్వాత నన్ను చూశారు. ఆ చూపులో ఏముందని నన్ను చాలామంది అడిగారు, మా ఆయనతో సహా. తప్పు చేస్తున్న బెరుకు ఉంటుందనుకున్నాను. లేదు. నన్ను బతిమాలుతున్నారు. నన్ను ముంచడానికి నా అనుమతే అడుగుతున్నారు.

ఆయన పరిస్థితి నాకు తెలియదని కాదు. ఒక్కగానొక్క కూతురు, తన వల్ల ఆమె నెత్తిన పడ్డ ఆసుపత్రి బిల్లు, ఇంకా ఎన్నో ఏళ్లు వచ్చి ఉండాల్సిన ఇల్లు. అన్నీ తెలుసు. తెలిసినంత మాత్రాన క్షమించాలని ఎక్కడుంది? పెద్దాయన, పాపం, అంటారు విన్నవాళ్లు. నేను ఆయన్ని క్షమించలేదు. ఇప్పటికీ లేదు. పోయేలోగా క్షమించాలన్న కోరిక కూడా నాకు లేదు.

"తెరిచే ఉన్నాయమ్మా" అన్నారు.

అబ్బాయి వింటున్నాడు. నేను వేరేగా చెప్పేందుకు లేదు. చెప్పగలిగినా చెప్పేదాన్ని కాదేమో. ఒకరి మాటను ఇంకొకరికి ఉన్నదున్నట్టు అందించడమే ఇన్నేళ్లూ నా పని. మేస్త్రీ మాట ఓనరుకు, ఓనరు మాట మనవాళ్లకు, మనవాళ్ల మాట మేస్త్రీకి. అబద్ధం ఆయనది, నోరు మాత్రం నాది కావాల్సి వచ్చింది.

"దే వర్ ఓపెన్" అన్నాను.

మా ఓనరు గోడ వైపు తిరిగాడు. యువకుడు రాసుకుని, ఇంకొక్కటి అడగమన్నాడు. పని పూర్తయిన రోజు నుంచి ఎప్పుడైనా మూశారా?

"ఎప్పుడైనా మూశారా మాస్టారూ?"

"లేదమ్మా. ఎప్పుడూ తెరిచే ఉన్నాయి."

"ఆల్వేస్ ఓపెన్" అన్నాను.

యువకుడు లేచి అందరికంటే ముందు నాకే చెయ్యి అందించాడు. మీరు చాలా స్పష్టంగా చెప్పారు, నా పని తేలిక చేశారు, థాంక్యూ అన్నాడు.